నూకరత్నం వాటాల కాగితం

మా అమ్మమ్మ నూకరత్నం చేపల గంప దించి మూడేళ్లయినా నోరు మాత్రం దించలేదు. తాతయ్య పోయాక పడవ అమ్మేసింది. ఆ సొమ్ము ఏం చెయ్యాలో తేలకుండా ఉన్నప్పుడు మేస్త్రీ గంగాధర్ వచ్చాడు. రాజమండ్రిలో పాత పెంకుటిల్లు కొని, బాగుచేసి అమ్ముదామన్నాడు.

"డబ్బు నీది, పని నాది. లాభం చెరిసగం పిన్నీ."

"నోటిమాటలొద్దురా. పడవ మీద ఎలా పంచుకుంటామో అలా రాయించు," అంది అమ్మమ్మ. ఆ పడవ సొమ్ము పోతే ఆవిడకి మిగిలేది ఖాళీ గంపే.

దస్తావేజులు రాసే వెంకటరమణ గారు కళ్లజోడు సర్దుకుంటూ రాశారు. ముందు పడవ సొమ్ము వెనక్కి రావాలి. మిగిలినదాంట్లో పడవకొక వాటా, అంటే పెట్టుబడికి, అది అమ్మమ్మది. పనిచేసిన చేతులకొక వాటా, అది గంగాధర్‌ది. ఎవరు ఏది పాడుచేసినా, పోగొట్టినా వాళ్లే తమ వాటాలోంచి ఇచ్చుకోవాలి. చివరిది అమ్మమ్మ పట్టుబట్టి రాయించింది: సరుకు ఒడ్డెక్కిన రోజే అమ్మెయ్యాలి.

"ఇల్లేమైనా పులసా పిన్నీ, సాయంత్రానికి పాడైపోవడానికి?"

"రేపు ఎక్కువొస్తాదని దాచిన చేపలన్నీ మన వీధి పిల్లులే తిన్నాయిరా. పెట్టు సంతకం."

మూడు నెలల్లో ఇల్లు తయారైంది, పెరటివైపు కిటికీ ఒక్కటి తప్ప. "రంగు పడలేదుగా పిన్నీ, ఇంకా ఒడ్డెక్కలేదు," అనేవాడు గంగాధర్. ఓ వారం వాన, ఓ వారం పెయింటర్‌కి జ్వరం. అసలు సంగతి, ధర పెరుగుతుందని ఆశ. ఇల్లు కొందామనుకున్న రెబెక్కా టీచర్ గారు రెండుసార్లు వచ్చి వెళ్లిపోయారు. అమ్మమ్మకి అన్నం సహించలేదు.

మూడోసారి టీచర్ గారు వస్తానన్న రోజు, పడవకి వెయ్యగా మిగిలిన నీలం రంగు డబ్బా పట్టుకెళ్లి అమ్మమ్మ కిటికీకి తనే పూసేసింది. కిటికీకి కొంచెం, గోడకి బోలెడు.

"ఒడ్డెక్కిందిరా, రా!" అని ఫోన్ చేసింది.

గంగాధర్ వచ్చేసరికి టీచర్ గారితో బేరం కుదిరిపోయింది. ధర అతను ఆశపడినంత కాదు, అమ్మమ్మ భయపడినంత తక్కువా కాదు.

"కొసరు కూడా ఇచ్చాను," అంది గర్వంగా. "గోడకి ఆనించి ఉన్న నిచ్చెన."

"అది నాది పిన్నీ!"

రిజిస్ట్రేషన్ రోజున పడవ సొమ్ము పూర్తిగా చేతికొచ్చింది. గంగాధర్ కాగితం తెరిచి, పాడుచేసినవాళ్ల సంగతి వేలుపెట్టి చూపించాడు. అమ్మమ్మ గొణుక్కుంటూనే తన వాటాలోంచి గోడ రంగుకీ, నిచ్చెనకీ ఇచ్చింది.

"రెండో ఇంటికి ఏమైనా మారుద్దామా పిన్నీ?"

"కాగితం అదే. ఈసారి కిటికీలకి ముందు వెయ్యి రంగు."