అచ్చురేకులో రేపటి లోకం

ఆ బోర్డు వానకు తడవలేదు. నేనే తడిపాను.

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అన్నీ రాసుకునే నా డైరీలో కూడా ఆ రోజు పేజీలో "ఉదయం వాన. బోర్డు పాడైంది" అని మాత్రమే ఉంది. డైరీకి కూడా అబద్ధం చెప్పగలనని నాకు ఆ రోజే తెలిసింది.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. నేను తొమ్మిదో తరగతి. అరకులో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదివేదాన్ని. నాకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు. క్లాసులో హాజరు పలికితే నా గొంతు నాకే వినపడేది కాదు, సగం రోజులు నేను రానట్టే రాసుకునేవారు. చేతిరాత మాత్రం బాగుంటుందని నోటీసు బోర్డు మీద రోజుకో వాక్యం రాసే పని నాకు అప్పగించారు.

డిసెంబర్‌లో సైన్స్ ఫెయిర్ వచ్చింది. మా సైన్స్ మాస్టారు మైదాన ప్రాంతం నుంచి వచ్చిన మనిషి. కష్టపడి పాఠం చెప్పేవారు. ఆయనే ఒక నాటకం రాశారు. నూరేళ్ల తర్వాత పట్నం నుంచి శాస్త్రవేత్తలు ఒక ఎగిరే బండిలో వచ్చి మా కొండల మీద దిగుతారు. అక్కడ మనుషులు ఉండరు. ఒక మరమనిషి వాళ్లకు దారి చూపిస్తూ, "ఇక్కడ ఒకప్పుడు గిరిజనులు ఉండేవారు" అని చెబుతుంది. రిహార్సల్లో ఆ మాట వచ్చినప్పుడల్లా మరమనిషి వేషం వేసిన అమ్మాయి గొంతు విని అందరం నవ్వేవాళ్లం. ఒక రాత్రి డైరీలో ఒకటే వాక్యం రాసుకున్నాను: "మేం ఎక్కడికి పోయాం?"

స్టేజీ మీద కట్టే పేరు బోర్డు నన్ను రాయమన్నారు. మాస్టారు సంచిలోంచి ఒక వీడియో క్యాసెట్ అట్ట తీసి నా చేతిలో పెట్టారు. నల్లటి ఆకాశం, ఒక గ్రహం, దాని మీద వెండి రంగు ఇంగ్లీషు అక్షరాలు. "సరిగ్గా ఇలాగే ఉండాలి. రేపటి లోకం అని ఇంగ్లీషులో రాయి" అన్నారు.

ఆయనకు తెలియదు గానీ, అలాంటి అక్షరాల గురించి అప్పటికే నా డైరీలో నాలుగు పేజీలున్నాయి. హాస్టల్ బీరువాలో పాత సైన్స్ నవలలు కొన్ని ఉండేవి. వాటిని చదివిన దానికంటే అట్టలు చూసిందే ఎక్కువ. కథ మొదలవకముందే అట్ట మీది అక్షరం మనల్ని నూరేళ్లు ముందుకు తీసుకుపోతుంది. అది ఎలా చేస్తుందో నాకు పట్టుకోవాలనిపించేది. చూసినవి చూసినట్టు రాసుకున్నాను. అక్షరం ముందుకు వాలితే వేగం. మూలలు చెక్కితే యంత్రం. గీతంతా ఒకే మందంలో ఉంటే మనిషి చెయ్యి తగల్లేదని అర్థం. గీత మధ్యలో తెగితే కంప్యూటర్. మాస్టారి డిజిటల్ వాచీలో అంకెలు కూడా అంతే, ఏడు పుల్లలు, వాటి మధ్య ఖాళీలు. కింద ఇంకో వాక్యం ఉంది: "తెలుగు నవలల మీద మాత్రం రాకెట్ పక్కన పెళ్లి శుభలేఖ అక్షరాలే."

ధైర్యం చేసి ఒక్కసారి అడిగాను. "నాటకం తెలుగులోనే కదా సార్. పేరు కూడా తెలుగులో..."

"తెలుగా?" అన్నారు మాస్టారు. "తెలుగు ఎలా ఉంటుందమ్మా? గుండ్రంగా, జిలేబీలా. రాకెట్‌కి జిలేబీ అతికిస్తామా?"

క్లాసంతా నవ్వింది. నా పక్క పిల్ల నవ్వుతూ నవ్వుతూ నన్ను చూసి ఆపేసింది. నేను క్యాసెట్ అట్ట తీసుకుని వచ్చేశాను. రెండు రోజుల్లో అట్టబోర్డు మీద పోస్టర్ రంగులతో ఇంగ్లీషు అక్షరాలు రాసేశాను. చాలా బాగా వచ్చాయి. అదే బాధ.

ఆ శనివారం ఇంటికి వెళ్లాను. మా ఊరు డుంబ్రిగుడ వైపు. కాఫీ పండ్లు కోసే కాలం. మా నాన్న కాఫీ గోదాంలో బస్తాల మీద గుర్తులు వేసేవాడు. పని తేలికే. అక్షరం ఆకారంలో కత్తిరించిన తగరపు రేకును బస్తా మీద పెట్టి, నల్లరంగులో ముంచిన గుడ్డతో అద్దడమే. మేం దాన్ని అచ్చురేకు అంటాం. ఊరి పేరులో మొదటి అక్షరమే ఆ ఊరికి గుర్తు. గెడ్డ అవతలి ఊరికి ప, ఘాటీ కింది ఊరికి క, మాకు లో. బస్తాలు మోసే ఆడవాళ్లలో చదవడం వచ్చినవాళ్లు దాదాపు లేరు. అయినా తమ ఊరి బస్తాను వంద బస్తాల్లో గుర్తుపట్టేవారు. గుర్తు తప్పు పడితే నాన్నకు తిట్లే.

ఆ సాయంత్రం గోదాం గుమ్మంలో నిలబడి ఆ బస్తాల వరస వైపు చూశాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే. గీతంతా ఒకే మందం. మూలలు రేకు కత్తెరకు ఎలా తెగితే అలాగే, పలకలు పలకలుగా. ప్రతి అక్షరం మధ్యలో తెగి ఉంది. నా సంచిలోంచి క్యాసెట్ అట్ట తీసి పక్కన పెట్టి చూశాను. అవే. మాస్టారి నూరేళ్ల తర్వాతి లోకం మా నాన్న గోదాంలో ముప్పై వరసల్లో పేర్చి ఉంది.

రేపటి లోకం అనడానికి ఐదు గుర్తులు కావాలి, చివర ఒక సున్న. ప, లో, క నాన్న దగ్గర ఉన్నాయి. రే, టి, సున్న నేను కత్తిరించుకోవాలి. పాత నూనె డబ్బా రేకు తీసుకుని, మేకుతో గీత గీసి, జాగ్రత్తగా కత్తిరించాను. రే లోపలి గుండ్రం ఠంగుమని కింద పడింది. టి మీద గుడి లోపలిదీ పడిపోయింది. సున్నలో నడుమ ఊడి పెద్ద బొట్టు మిగిలింది. రేకులన్నీ ఒట్టి కన్నాలు.

నాన్న పక్కనే బీడీ ఆరిపోయేదాకా చూసి, అప్పుడు నవ్వాడు.

"ఏటే, సున్న సేసినావా, బొక్క సేసినావా?"

"మరి ముందే చెప్పొచ్చు కదా నాన్నా!"

"సెప్తే ఇంతావేటి? సున్న నడుమ గాల్లో నిలబడదు గుంటా. దాన్ని పట్టుకోడానికి రెండు పక్కలా సన్నగా రేకు వదలాల. ఎవులేనా పట్టుకుంటేనే అది ఉంటాది."

"అందుకేనా అక్షరాలు తెగి ఉంటాయి?"

"మరెందుకనుకున్నావు? అందానికా?"

అట్టల మీద కంప్యూటర్ అని నేను రాసుకున్న ఆ ఖాళీ, రేకు నిలబడటానికి వదిలే పట్టు. మళ్లీ కత్తిరించాను, నాన్న చెప్పినట్టు. ఆరు రేకులూ నా ట్రంకుపెట్టెలో లంగావోణీ కింద దాచుకుని ఆదివారం హాస్టల్‌కి వచ్చేశాను. నాన్న తన మూడు రేకులు సోమవారం సాయంత్రానికి కావాలన్నాడు. ఫెయిర్ సోమవారమే. నాటకం చూడ్డానికి వచ్చి తీసుకుపొమ్మన్నాను.

సోమవారం తెల్లవారి ముసురు పట్టింది. అందరూ ప్రార్థనకు వెళ్లారు. నేను కడుపునొప్పి అని ఉండిపోయాను. బోర్డు పెట్టిన సామాన్ల గదిలోకి వెళ్లి, కిటికీ గడియ తీసి, రెక్కలు బార్లా తెరిచి, బోర్డును కిటికీ మీదికి ఆనించాను. వెండి రంగు అక్షరాలు కాసేపు అలాగే నిలిచాయి. తర్వాత ఒక్కొక్కటీ గోడ మీదికి జారిపోయాయి. నేను బోర్డు లోపలికి లాగలేదు.

నేను ఆలోచించని సంగతి ఒకటుంది. ఆ గది తలుపులూ కిటికీలూ చూసుకునే బాధ్యత ఆయమ్మది. వంటా, కాపలా, జ్వరం వస్తే తడిగుడ్డ వెయ్యడం, హాస్టల్లో అన్నీ ఆవిడే. మాస్టారు ఆవిడను పిల్లలందరి ముందూ నిలబెట్టి కేకలేశారు. "కిటికీ కూడా వేయడం రాదా? ఎందుకు పెట్టుకున్నట్టు నిన్ను?" ఆయమ్మ తలొంచుకుని పమిట కొంగు నలుపుతూ నిలబడింది. ఆవిడ ఒక్కసారి నా వైపు చూసింది. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నాకు అలవాటే, కానీ ఆ రోజుది అలవాటు కాదు.

"రెండు గంటల్లో అతిథులు వస్తారు. ఇప్పుడెవరు రాస్తారు?" అన్నారు మాస్టారు.

"నా దగ్గర రేకులున్నాయి సార్" అన్నాను. ఆ మాట మాత్రం అందరికీ వినపడింది.

బోర్డు లేదు. ఆయమ్మ వంటింట్లోంచి నాలుగు ఖాళీ గోనెలు తెచ్చి, విప్పి, వరసగా కుట్టింది. అప్పుడే తిట్లు తిన్న చేతులతో నా కోసం కుట్టింది. నేను రేకులు పెట్టి నల్లరంగు అద్దాను. పావుగంట పట్టలేదు. మాస్టారు వచ్చి చూసి మొహం చిట్లించారు. "ఏమిటిది, బియ్యం బస్తాలా ఉంది" అన్నారు. ఇంకోటి రాసే సమయం లేదు. కట్టేశారు.

మధ్యాహ్నానికి వాన తగ్గి, సంతకు వచ్చిన జనం కూడా స్కూలు మైదానంలోకి వచ్చారు. ముందు కుర్చీల్లో అధికారులు, వెనక నేల మీద మా ఊళ్ల వాళ్లు. అధికారులెవరూ బోర్డు వైపు చూడనే లేదు. వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

"ఒలే, అటు సూడు, మనూరి గుర్తు కాదేటే అది?"

"ఏదే?"

"ఆ రెండోది. మన బస్తా మీదదే."

"మాది కూడా ఉన్నాది! ఐదోది మాదే!"

"అయితే ఈ ఆట మన ఊళ్లోళ్లదేనేటి?"

ఒక్క అక్షరం చదవడం రాని ఆడవాళ్లు వేళ్లు చూపించి మరీ తమ అక్షరాలు వెతుక్కుంటున్నారు. స్టేజీ పక్కన తెర పట్టుకుని నిలబడి నేను వాళ్లనే చూశాను. నాటకం మొదలైంది. ఎగిరే బండి దిగింది. మరమనిషి జీర గొంతుతో, "ఇక్కడ ఒకప్పుడు గిరిజనులు ఉండేవారు" అంది.

"ఇక్కడే ఉన్నాం కాదేటే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "బేగి దిగండి, టీ తాగుదురుగాని!"

మైదానమంతా గొల్లుమంది. మరమనిషి కూడా నవ్వింది, దాని అట్ట తల ఊడి కింద పడింది.

అంతా అయ్యాక మాస్టారు నన్ను పిలిచారు. మొహం ఎర్రగా ఉంది. "చూశావా? మీవాళ్లంతా ఎలా నవ్వారో! నాటకం అభాసుపాలైంది."

"మరమనిషిని చూసి నవ్వారు సార్" అన్నాను. "బోర్డును చదివారు."

నాన్న రేకులు తీసుకుని, రంగు తుడిచి, సంచిలో వేసుకుని గోదాంకి వెళ్లిపోయాడు. సున్న మాత్రం నాకే వదిలేశాడు.

తర్వాత రెండు వేల సంవత్సరం దాటాక అరకులోనే ఒక డీటీపీ సెంటర్లో పనికి చేరాను. కంప్యూటర్లో తెలుగు అక్షరాల జాబితా తెరిస్తే పెళ్లికి, పండక్కి, సంతాపానికి వేరువేరు రకాలున్నాయి. రేపటికి ఒక్కటీ లేదు. ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం బోర్డుకు "ఫ్యూచర్‌లా ఉండాలి" అని అడిగితే, మా యజమాని ఇంగ్లీషులో చెయ్యమన్నాడు. నేను ఇంగ్లీషులో ఒకటి, అచ్చురేకు తెలుగులో ఒకటి చేసి పెట్టాను. వాళ్లు ఇంగ్లీషే తీసుకున్నారు. రెండోది నా డైరీలో అతికించుకున్నాను. అలాంటి తెలుగు అక్షరాలు ఇంకా చేస్తూనే ఉన్నాను. పది అక్షరాలు అయ్యాయి, మిగతావీ అవుతాయి. తెలుగు గుండ్రంగా ఉంటుంది, నిజమే. గుండ్రటిది నూరేళ్లు దొర్లగలదు.

ఆయమ్మకు పని మానేసే వయసు వచ్చింది. కూతురి దగ్గరికి, రంపచోడవరం వైపు వెళ్లిపోతోందని తెలిసి బస్టాండుకి వెళ్లాను. ఈసారి చెప్పేయాలని బయల్దేరాను. సంచులు ఎక్కించాను, సీటు చూసి కూర్చోబెట్టాను, బ్రెడ్డు ప్యాకెట్ ఒళ్లో పెట్టాను. కిటికీ కింద నిలబడి, "ఆయమ్మా, ఆ రోజు బోర్డు..." అని మొదలుపెట్టాను. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయమ్మ కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ కిటికీ నానే మూసినాను గుంటా. గెడ కూడా ఏసినాను. నానెరగననుకున్నావా? ఆ పొద్దు నాను నోరిప్పుంటే నీ గోనె కట్టేవోరేటి? పోనీలే. ఈపాలి ఇంకా పెద్దగా రాయి, నాకిప్పుడు దూరం అగుపడదు."