తవుడు కలిపిన వరస

నిమ్మనపల్లె దగ్గర నేనూ అన్నా కలిసి గుడ్ల కోళ్ళు పెంచుతున్నాం. మేత కలిపేది నేను, సరుకు తెచ్చేది అన్న. మొక్కజొన్న ధర పెరిగిపోయిన ఆ ఏడు మా ఇద్దరికీ కుదురు లేదు. పుంగనూరు వ్యాపారి ఒకాయన నూనె తీసిన తవుడు చవగ్గా ఇస్తానన్నాడట. మొక్కజొన్న సగం తగ్గించి ఆ తవుడు కలుపుదామని అన్న పట్టుబట్టాడు.

"ముందు ఒక్క వరసకి పెట్టి సూద్దామన్నా. మూడు వారాలు ఆగు."

"మూడు వారాలా? అప్పటికి సరుకు యాడుంటాదమ్మా!"

విసుక్కుంటూనే నాలుగు మూటలు తెచ్చాడు. షెడ్డులో చివరి వరసకు ఆ మేత వేశాను. అప్పటినుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. వంట మధ్యలో కూడా వెళ్ళి ఆ కోళ్ళను చూసొచ్చేదాన్ని. వారం గడిచినా గుడ్లు తగ్గలేదు.

"సెప్పలా నేను? లోడు తెప్పిస్తా" అన్నాడు అన్న.

కాదనడానికి కారణం దొరకలేదు. సరేననడానికి మనసొప్పలేదు. మర్నాడే బస్సెక్కి కుప్పం వెళ్ళాను. అక్కడ మా చిన్నమ్మ చాలా ఏళ్ళుగా కోళ్ళు పెంచుతోంది. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగింది.

"గుడ్లు లెక్కేసినావు. తినింది తూకమేసినావా?"

వెయ్యలేదు.

"ఆ తవుట్లో సత్తువ తక్కువమ్మా. అందుకని కోడి ఎక్కువ తింటాది. మూట రేటు కాదు, గుడ్డుకి మేత ఎంత పడతాండాదో సూడు."

తిరుగు దారి పొడుగునా బస్సు ఎక్కడ ఆగినా చిరాకేసింది. మదనపల్లెలో బస్సు మారి ఇల్లు చేరేసరికి, షెడ్డు ముందు లోడు దిగేసి ఉంది.

నేను అరిచాను. అన్న కూడా అరిచాడు. కొత్త మూటలు విప్పనివ్వనని మొండికేశాను. ఆ రోజునుంచి తవుడు వరసకూ, పక్కనే పాత మేత తినే వరసకూ వేసిన మేత, తొట్టిలో మిగిలిన మేత తూకం వేశాను. తవుడు వరస ఎక్కువ తింటోంది. మూడో వారంలో గుడ్లూ తగ్గాయి. చవక మేతతో ఒక్కో గుడ్డు మాకు ఇంకా ప్రియమైంది.

తవుడు బాగా తగ్గించి మళ్ళీ పెట్టి చూశాను. అప్పుడు మాత్రం కాస్త కలిసొచ్చింది. కానీ అంత కొంచెం వాడితే లోడు ఎన్నాళ్ళకు అయిపోవాలి? సగం మూటలు పాడి ఆవులున్నవాళ్ళకు అమ్మేశాం.

చాలా రోజులు అన్న నాతో సరిగా మాట్లాడలేదు. మేత కలిపే పొద్దున మాత్రం మూట పట్టుకుని నిలబడి, "ఎంత వెయ్యమంటావు?" అని అడిగేవాడు.