జైనబీ చదివిన నోటుపుస్తకాలు

జైనబీకి అరబ్బీ అక్షరాలు వచ్చు, అరబ్బీ రాదు. చిన్నప్పుడు రాయచోటిలో మసీదు వసారాలో కూర్చుని హజ్రత్ దగ్గర ఖురాన్ చదవడం నేర్చుకుంది. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడేవాళ్లు. గల్ఫ్‌కు వచ్చాక అన్నం, నీళ్లు, మందు, లే, పడుకో అనేంత వంటింటి అరబ్బీ నోటికొచ్చింది. మిగతాదంతా హిందీతో నెట్టుకొచ్చేది.

అల్ అమెరాత్ అనే ఊళ్లో కొండకు ఆనుకుని ఉన్న ఇంట్లో షేక్ హమూద్‌ను చూసుకోవడం ఆమె డ్యూటీ. ఆయనకు ఎనభై మూడేళ్లు. బడిలో చదువు చెప్పి, పెద్దపెద్దవాళ్లకు ధర్మశాస్త్రం బోధించినవాడు. ఇప్పుడు కాళ్లు రావు, కళ్లు కనపడవు. ఆయన గదిలో నలభై ఒక్క నోటుపుస్తకాలుండేవి. ఒకప్పుడు ఆయన ఉస్తాద్, అంటే గురువు, కంఠస్థం చేయించిన గ్రంథమే వాటి నిండా. ఒక్క మాట కూడా తప్పు పలక్కూడదని ప్రతి అక్షరానికీ జేరూ జబరూ అనే అచ్చుగుర్తులు పెట్టి రాసుకున్నాడు. అందుకే జైనబీ వాటిని గడగడా చదవగలిగింది. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక రెండు గంటలు చదివేది. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు.

ఒకరోజు మధ్యలో చెయ్యెత్తాడు.

"ఆగు. ఆ పేజీ మళ్లీ చదువు."

చదివింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది మా ఉస్తాద్ మాట కాదు. నాది."

"ఎట్లా తెలిసింది బాబా?"

"మరీ బాగుంది. ఆయన ఇంత అందంగా రాసేవాడు కాదు."

మర్నాడు ఎర్ర పెన్ను తెప్పించాడు. మొదటి పుస్తకం నుంచి మళ్లీ మొదలుపెట్టాలన్నాడు. తన మాట అని తేలిన చోటల్లా జైనబీ దాని కింద గీత గీయాలి. ఆ మాట వినగానే ఆమెకు ఒళ్లంతా నీరసం కమ్మింది. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. ఆయనకు స్నానం చేయించి, కుర్చీలోకి ఎత్తి, వంట చేసి, గుడ్డలు ఉతికి, సాయంత్రానికి మోకాళ్లు వాచిపోతాయి. జూన్‌లో ఇంటికి వెళ్లి ఆ మోకాళ్లు చూపించుకుందామనుకుంది.

ఆయన కూతురు నాదియా ఆఫీసు నుంచి వచ్చి సంగతి విని విసుక్కుంది. "నాన్నా, ఉస్తాద్ పుస్తకం అచ్చవుతుందని అందరూ ఎదురుచూస్తున్నారు. ఏ మాట ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?"

"అయిదుగురం నేర్చుకున్నాం. నలుగురు లేరు. నాకు తెలుసు."

సరేనని నాదియా చదవడానికి కాలేజీ కుర్రవాణ్ని పెట్టింది. నాలుగు రోజులకే షేక్ అతన్ని వద్దన్నాడు. "అతనికి అర్థం తెలుసు. అందుకని సరిదిద్దుకుంటూ చదువుతున్నాడు. జైనబ్ అయితే ఉన్నది ఉన్నట్టు చదువుతుంది."

జూన్ వెళ్లిపోయింది. చెల్లెలు నసీమా ఫోన్ చేసింది.

"ఎప్పుడొస్తావక్కా? డాక్టరు దగ్గర చీటీ కూడా రాయించినా."

"ఇంగా పదహారు పుస్తకాలుండాయి మే."

"అవి నువ్వే చదవల్నా? ఆ దేశంలో ఇంగెవరికీ చదువు రాదా?"

బాబా పిలుస్తున్నాడని జైనబీ ఫోన్ పెట్టేసింది.

ఆగస్టులో ఒక సాయంత్రం చదువుతూ చదువుతూ ఆమె పుస్తకం మూసేసింది. "నావల్ల కాదు బాబా. మోకాళ్లు మంట. మీ ఉస్తాద్ పోయి అరవై ఏళ్లాయె. ఇప్పుడు ఎవరికోసం ఇదంతా?"

కోప్పడతాడనుకుంది. ఆయన మంచినీళ్లు అడిగి తాగి, హిందీలో నెమ్మదిగా చెప్పాడు.

షేక్ పుట్టింది ఆఫ్రికా తీరాన అరబ్బులు ఏలిన జాంజిబార్ దీవిలో. ఉస్తాద్ ముప్పై ఏళ్లు కూర్చుని సాక్ష్యం గురించి ఒక గ్రంథం రాశాడు. ఎవరు సాక్షి కావచ్చు, ఎవరు కాకూడదు, మరిచిపోయిన సాక్షి ఏం చెయ్యాలి. రాసింది రాసినట్టు అయిదుగురు శిష్యుల చేత కంఠస్థం చేయించాడు. అరవై నాలుగు జనవరిలో, ఇంకో వారంలో రంజాన్ అనగా ప్రభుత్వం కూలింది. తిరుగుబాటుదారులు అరబ్బుల ఇళ్ల మీద పడి చంపారు. హమూద్‌ను పక్కింటి ఆఫ్రికా ముసలమ్మ లవంగాలు ఆరబెట్టే చాపల కింద దాచింది. ఆమె కొడుకులే తలుపు దగ్గర నిలబడి, లోపల ఎవరూ లేరని చెప్పారు. మూడో రోజు బయటికొస్తే ఉస్తాద్ తన ఇంటి వాకిట్లో శవమై పడి ఉన్నాడు, లోపల నలుగురు తోటి శిష్యులు. పుస్తకాలు ఇంకా పొగలేస్తున్నాయి.

"ఓడలో, క్యాంపులో, కువైట్ రేవులో గుమస్తాగా ఉన్నప్పుడు కూడా రోజూ వల్లె వేసుకున్నాను. ఇల్లంటూ ఏర్పడ్డాక రాయడం మొదలుపెట్టాను. గుర్తురాని చోట ఆగాల్సింది. ఆగలేదు, నింపేశాను. చనిపోయినవాడి నోట నా మాట పెట్టాను జైనబ్."

ఆమె మోకాళ్ల కింద దిండు సర్దుకుని పుస్తకం తెరిచింది.

నవంబరులో నలభై ఒకటో పుస్తకం పూర్తయింది. మూడో వంతు ఎర్ర గీతలే. ఆ వారమంతా ఆయన ఎక్కువగా నిద్రపోయాడు. డిసెంబరు మొదట్లో, కుర్చీలో కూర్చోబెట్టి కాఫీలాంటి ఖావా తెచ్చేలోపు ప్రాణం పోయింది. జైనబీ కప్పు కింద పెట్టి, నాదియాకు ఫోన్ చేసి, వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఏడుపు కూడా రాలేదు, అంత అలిసిపోయి ఉంది.

గీతలు వద్దన్న నాదియాయే గీతలతో సహా నోటుపుస్తకాలను ప్రెస్సుకు తీసుకెళ్లింది. జైనబీకి టికెట్ కొనిచ్చి, విమానాశ్రయం దాకా తనే కారులో దింపింది.

రాయచోటిలో డాక్టరు రెండు మోకాళ్లూ అరిగిపోయాయన్నాడు. జైనబీ పదిరోజులు తిని పడుకోవడం తప్ప ఏమీ చెయ్యలేదు. పదకొండో రోజు నాదియా ఫోన్ చేసింది. పన్నెండో పుస్తకంలో ఒకచోట నీళ్లు పడి రెండు వరుసలు అలుక్కుపోయాయట. దాని ముందు వాక్యం చదివి వినిపించింది.

"తర్వాత ఏముందో నీకేమైనా గుర్తుందా జైనబ్?"

జైనబీ మంచం మీద లేచి కూర్చుంది. కళ్లు మూసుకుంది. అర్థం తెలియకపోయినా ఆ రెండు వరుసలూ తడబడకుండా వచ్చేశాయి. నాదియా మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పింది, అక్షరం మారలేదు.

"కింద ఎర్ర గీత ఉందా, లేదా?"

"లేదు మేడమ్. అది ఉస్తాద్ మాటే," అంది జైనబీ.

అవతల నాదియా ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. జైనబీ ఫోను చెల్లెలి చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది.