సాంబ్రాణి పట్టిన బండి

"ఫోన్ల రాయి బిడ్డా, నీ నాయనమ్మ చెప్పినట్టే రాయి. మధ్యల నవ్వకు. నువ్వు నవ్వితే నేను ఏడిదాక చెప్పిన్నో మర్చిపోత."

చిక్కడపల్లిలో మన ఇంటి కింద కొంచెం ఖాళీ జాగా ఉండేది. మధ్యాహ్నం అక్కడ చాప వేసుకుని నడుం వాల్చేదాన్ని. వేసవిలో ఇల్లంతటికీ అదొక్కటే చల్లని చోటు. ఇప్పుడు నా చాప చోట మీ నాన్న బండి ఉంది. అందరి కార్ల లాంటిది కాదది. దానికి టర్బో ఉంది. ఇంజిను వదిలే పొగతోనే లోపల ఒక చక్రం గిర్రున తిరిగి, గాలిని మళ్లీ ఇంజినులోకే దట్టిస్తుందట. ఈ సంగతి వాడు నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. వినీ వినీ చెవులు అలసిపోయాయి. ఇప్పుడు అడిగితే నేనే చెప్పగలను.

కొన్న కారును కొన్నట్టు వాడుకుంటే పేచీయే లేకపోయేది. గొట్టాలు మార్చాడు, సైలెన్సర్ మార్చాడు, బండి ఎత్తు తగ్గించాడు, మెత్తటి సీటు తీసేసి రెండు వైపులా గోడల్లాంటి అంచులున్న సీటు పెట్టాడు. ఆదివారం వస్తే బండి కిందే పడకంతా. పై అంతస్తులో కిరాయికుండే పిల్లలు సర్కారు పరీక్షలకు చదువుకుంటారు కదా, వాళ్లలో ఒక అమ్మాయి మెట్లు దిగుతూ నన్ను చూసి నవ్వేది.

"అమ్మమ్మా, ఇయ్యాల ఇంజిన్ క్లాసా? మాక్కూడ నోట్స్ ఇయ్యరాదు."

"నోట్స్ ఎందుకమ్మా, నా జాగల నువ్వే కూసో. నేను పైకొచ్చి నీ పుస్తకం చదువుత."

నా జాగా అంటే డ్రైవర్ సీటు. బ్రేకు నూనె మార్చాలంటే ఇద్దరు కావాలి. ఒకరు చక్రం దగ్గర బోల్టు విప్పాలి, ఇంకొకరు లోపల కూర్చుని బ్రేకు నొక్కిపట్టాలి. గాలి బుడగ ఒక్కటి మిగిలినా బ్రేకు సరిగ్గా పట్టదట. మీ అమ్మకు బడి పేపర్లు దిద్దే పని, నీకు కాలేజీ చదువు. ఇంట్లో ఖాళీగా కనబడేది నేనే.

"నొక్కమ్మా."

"నొక్కిన."

"గట్టిగ పట్టు. ఇడ్వకు."

"పట్టిన రా."

"ఆ, ఇగ ఇడువు. అమ్మా, ఇడ్వమన్న!"

"మోకాలు ఇడుస్తలేదు బిడ్డా, నేనేం జెయ్యాలె!"

నాలుగు చక్రాలూ అయ్యేసరికి నా కాలు నాది కాకుండా పోయేది. ఆ సీట్లోంచి లేవడం ఇంకో యాతన. మీ నాన్న రెండు చేతులూ పట్టి బావిలోంచి బొక్కెన తోడినట్టు లాగేవాడు. అయినా పిలిచినప్పుడల్లా వెళ్లేదాన్ని. బషీర్‌బాగ్ ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ఇంట్లో ఫోనులో తల దూర్చి కూర్చుంటాడు. అదే మనిషి బండి కింద పడుకుంటే మాట్లాడతాడు. చిన్నప్పటి సంగతులు, ఆఫీసులో గొడవలు, అన్నీ చక్రం చాటు నుంచే చెబుతాడు. ముఖం కనబడదు, మాట వినబడుతుంది. నాకు అంతే చాలనిపించేది.

మొన్న వానాకాలంలో కొత్తగా ఒక లావు గొట్టం బిగించాడు. ఆ రోజు నుంచి బండికి జబ్బు పట్టింది. ఎక్సలేటర్ తొక్కితే లోపల ఎక్కడో బుస్సుమని చప్పుడు, బండి మాత్రం లాగదు. నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆటోలు కూడా దాటిపోయాయట. వచ్చి ఇక్కడ గొట్టం బిగించాడు, అక్కడ బిగించాడు. చప్పుడు పోలేదు. అన్నం దగ్గర కూడా అదే ఆలోచన. చారు వడ్డిస్తే ప్లేటు వంక చూడడు.

ఒకరోజు మీ అమ్మ గరిటె కింద పెట్టేసింది.

"ఒక్క మాట చెప్తున్న. దసరా నాటికి అది మంచిగ నడిస్తె ఉంచుకోండ్రి, నేనేమనను. నడవకుంటె అమ్మేయుండ్రి. మూలకు పడ్డ బండికి నేను బొట్టు పెట్ట."

మీ నాన్న అప్పుడు ప్లేటు వంక చూశాడు.

"సరే. నడవకుంటె అమ్మేస్త," అన్నాడు.

నా చాప జాగా నాకు వస్తుందని నేను సంతోషపడాలి. ఎందుకో చేతిలో ముద్ద నోట్లోకి పోలేదు.

దసరా దగ్గరికొచ్చిన ఒక శుక్రవారం నేను ఇల్లంతా సాంబ్రాణి వేస్తున్నాను. ధూపం గిన్నె పట్టుకుని కిందికి కూడా వెళ్లాను. మెట్ల తలుపు సందులోంచి పొగ సన్నగా బయటికి పోవడం చూసి మీ నాన్న నిలబడిపోయాడు.

"అమ్మా, పొగతోని గాలి ఎక్కడ లీకయితుందో దొరుకుతది. పెద్ద గ్యారేజుల పొగ మిషను ఉంటది. మనకు సాంబ్రాణి ఉంది గదా!"

"దేవుని సాంబ్రాణి రా అది."

"దేవుడు గూడ బండి నడవాలనే అంటడు తియ్యి."

వీధి మూల ఇస్త్రీ బండి దగ్గర నాలుగు కాలే బొగ్గులు అడిగి తెచ్చాడు. పాత రంగు డబ్బాలో వాటిని వేసి, మీద పిడికెడు సాంబ్రాణి పోసి, మూత బిగించాడు. మూతకు రెండు బెజ్జాలు. ఒక దానికి సైకిలు పంపు, ఇంకో దానికి గొట్టం. ఆ గొట్టం కొసను ఇంజిను గాలి పీల్చుకునే నోట్లో పెట్టి గుడ్డ చుట్టాడు. పంపు కొట్టే పని ఎవరిదో చెప్పక్కర్లేదు కదా. స్టూలు మీద కూర్చుని కొట్టాను, భుజాలు పడిపోయేదాకా.

బండి ముందు భాగంలో, కింద, రెండు గొట్టాలు కలిసే చోట దారమంత పొగ లేచింది. మీ నాన్న నేల మీద పడుకుని చిన్నపిల్లాడిలా అరిచాడు. రబ్బరు చీలి ఉంది. ఆ సాయంత్రమే కొత్తది వేశాడు.

బుస్సుమనడం ఆగిపోయింది. కానీ బండి ఇప్పుడు దగ్గడం మొదలుపెట్టింది! కదలగానే ఎగిరెగిరి పడుతోంది, ఎర్రలైటు దగ్గర ఆగితే ఆరిపోతోంది. మునుపు లాగకపోయినా నడిచేది, ఇప్పుడు ఆ నడకా లేదు. రెండు రోజులు అన్నీ విప్పి చూశాడు. మూడోనాడు చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అయిపోయిందమ్మా. ఇగ నాతోని కాదు. అమ్మకానికి ఫోన్ల పెట్టిన, రేపు ఒకడు చూడనీకొస్తడు."

వెన్ను నిమిరాను. చొక్కా అంతా ఇంజిన్ ఆయిల్ వాసన.

పండగ ముందు రోజు పొద్దున ముషీరాబాద్ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, బానెట్ ఎత్తించాడు, లోపలికి వంగాడు. వెంటనే ముక్కు ఎగబీల్చాడు.

"ఏందన్నా, లోబాన్ వాసనొస్తుంది? బండిని దర్గాకు తీస్కపోయినవా, లోబాన్ దుకాణం గిట్ల తెరుస్తున్నవా?"

లోబాన్ అంటే మన సాంబ్రాణే, నాకు నవ్వొచ్చింది. పక్కనే వంగి చూస్తున్న మీ నాన్న మాత్రం నవ్వలేదు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అమ్మా, దూపం గిన్నెకు లోపల నల్లగ జిగురు పడ్తది గదా?"

"పడ్తది. ప్రతి వారం తోముతున్న గదరా, నా గోర్లు చూడు."

మీ నాన్న వెంటనే స్క్రూలు విప్పి గాలి గొట్టంలోంచి వేలంత వస్తువు ఒకటి బయటికి తీశాడు. లోపల వెంట్రుకంత తీగ ఉంటుందట, ఇంజినులోకి ఎంత గాలి పోతోందో కొలిచేది అదేనట. దాని నిండా నల్లగా సాంబ్రాణి జిగురు! మేమిద్దరం కలిసి, పంపు కొట్టి మరీ పట్టించిన జిగురు.

స్ప్రే డబ్బాలో ఉన్న మందు కొట్టి కడిగాడు. ఆరేదాకా ఆ అబ్బాయికి చాయ్ ఇచ్చాను. తిరిగి బిగించి తాళం తిప్పితే ఇంజిను దగ్గలేదు, ఎగరలేదు. ఇద్దరూ ఎక్కి నారాయణగూడ వైపు వెళ్లి వచ్చారు. ఆ అబ్బాయి ముఖం వెలిగిపోతోంది.

"అన్నా, మస్తుంది. ఇస్తనంటె ఇప్పుడే తీస్కపోత."

మీ నాన్న దిగలేదు. టర్బో బండిని రాగానే ఆపకూడదు, ఒక నిమిషం అట్లా తిరగనివ్వాలి, లోపల వేడి దిగాలి. ఆ నిమిషం సేపూ స్టీరింగ్ వంక చూస్తూ కూర్చున్నాడు. రమ్మన్నది తనే, పొమ్మని ఎట్లా అంటాడు? మీ అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"తమ్మీ, ఏమనుకోకు. అది నడుస్తుంది గదా, మేం అమ్మం. రేపు దానికి పూజ ఉంది."

"అట్లెట్లక్కా! అన్ననే రమ్మన్నడు గదా!"

"అన్న రమ్మన్నడు, అక్క వద్దంటుంది. ఇంకో చాయ్ తాగిపో."

మీ నాన్న తాళం తిప్పి ఇంజిను ఆపాడు. తల ఎత్తలేదు కానీ చెవులు ఎర్రబడడం నేను చూశాను.

మర్నాడు మీ అమ్మ బానెట్ మీద పసుపు రాసి బొట్టు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ. నేను ధూపం గిన్నె తేబోతే మీ నాన్న ఎదురొచ్చి గడప దగ్గరే ఆపేశాడు.

"అమ్మా, నీ కాల్మొక్త, అది తప్ప ఏదన్న తే."

పండగ పోయింది. మళ్లీ ఆదివారం వచ్చింది. చాప దులిపి, ఇంట్లో కిటికీ కింద పరుచుకుని ఇట్లా నడుం వాల్చానో లేదో, కింద నుంచి పిలుపు.

"అమ్మా, జర వస్తవా? బ్రేకు మెత్తగ కొడ్తుంది."

"వస్తున్న రా, వస్తున్న," అని మోకాళ్లు పట్టుకుని లేచాను.

"ఇగ చాలు బిడ్డా, ఫోను బంద్ జెయ్యి. నన్ను జర లేపు, మీ నాన్న మళ్ల పిలుస్తుండు."