ఫరో పెట్టిన ఉల్లిపాయలు

నేను ఎమ్మే హిస్టరీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఈ ముక్క ఇప్పుడు ఎవరైనా అడిగితే తప్ప చెప్పను. అడిగినా మాట మార్చేస్తాను. ఆ చదువుతో ఒక ఉద్యోగం సంపాదించుకున్న మాట నిజమే గానీ, అదే చదువుతో ఎకరన్నర మిరపతోటను వానకు వదిలేసే దాకా తీసుకుపోయాను. ఎలా అంటారా? నోటితో. కూర్చోండి, చెప్తాను. నాకూ కాసేపు కూర్చోవాలనే ఉంది.

అప్పటికి నాకు పెళ్ళయి నాలుగు నెలలు. మార్కాపురంలో కాపురం. మావారికి పలకల ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాకు పెద్దారవీడు అవతల ఒక ఊళ్ళో హైస్కూలు, సోషల్ టీచరుగా. అయిదింటికి లేచి వంట చేసి, క్యారియర్లు కట్టి, అంట్లు తోమి, ఏడున్నరకు షేర్ ఆటో ఎక్కేదాన్ని. ఆటోలో ముప్పావుగంట. రోజు మొత్తంలో నాకు ఎవరూ ఏ పనీ చెప్పని సమయం అదొక్కటే. ఎక్కడం, కమ్మీకి తల ఆనించడం, కళ్ళు మూసుకోవడం. నా జీవితాశయం అప్పట్లో అంతే.

ఆటో నడిపేది ఖాజా. మంచివాడు, నోరాగదు. ఊరు దాటాక రోడ్డు పక్క పల్లె దగ్గర ఆపి ఎనిమిది మంది ఆడవాళ్ళను ఎక్కించుకునేవాడు. మిరపకోతకు వెళ్ళే కూలీలు, నేను దిగాక ఇంకా ముందుకు పోయేవాళ్ళు. వాళ్ళ మేస్త్రి మరియమ్మ. అందరిలోకీ పెద్దది రూతమ్మ, మా అమ్మమ్మ వయసు. మొదటి రోజే ఖాజా నా కొంప ముంచాడు.

"ఈ అక్క టీచరు. హిస్టరీ అంట, దేశదేశాలదీ చదివినాది."

రూతమ్మ నావైపు జరిగింది. "అంటే రాజుల కతలా?"

"రాజులవి, యుద్ధాలవి, అన్నీ అవ్వా," అన్నాను. ఆ 'అన్నీ' అనే మాట అనకుండా ఉంటే ఈ కథే లేదు.

"అయితే ఒక మాట అడుగుతా, ఏమనుకోవాకు. చైనాలో అంత పొడుగు గోడ కట్టినారు గదా. ఆ పనికి పోయిన సంటిబిడ్డల తల్లులు బిడ్డల్ని యాడ పండబెట్టినారు?"

ఆ గోడ ఎవరు మొదలుపెట్టారో, ఎవరు పొడిగించారో, ఎవరిని ఆపడానికి కట్టారో, ఆపిందో లేదో, అన్నీ నాకు తెలుసు. ఉయ్యాల ఎక్కడ కట్టారో మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. తెలియదు అని ఉంటే సరిపోయేది. కానీ కొత్త టీచరుకు తెలియదు అనే మాట గొంతులోంచి రాదు.

"గోడ నీడలో," అన్నాను.

"అదే గదా నేను చెప్పింది! గోడ అన్నాక నీడ ఉంటది," అని రూతమ్మ మిగతావాళ్ళను చూసి తల ఊపింది.

ఆ రోజు నుంచి నా నిద్ర ఆవిరైపోయింది. రోజుకు నాలుగు దేశాలు తిరిగేవాళ్ళం. "ప్రపంచ యుద్ధం వస్తాదని ఊళ్ళల్లో ముందుగా దండోరా వేసినారా, లేక చెప్పకుండానే మొదలుపెట్టినారా?" అని ఒకామె. "కొలంబసు ఇండియా అనుకోని ఇంకో చోట దిగినాడంటివి గదా. అక్కడోళ్ళు 'ఇది కాదు నాయనా' అని చెప్పలేదా?" అని ఇంకొకామె. "హిట్లరుకి మేనమామలు లేరా? ఒకడన్నా చెవి మెలేసి చెప్పాల్సింది గదా!" అని మరియమ్మ. ఖాజా అయితే బండి నడుపుతూనే వెనక్కి తిరిగేవాడు. "అక్కా, అలెగ్జాండరు అంత దూరం నించి వచ్చినాడు గదా, దారి ఎవుర్ని అడిగినాడు? ఏ భాషలో అడిగినాడు?"

"ఖాజా, ముందు చూడు!"

"చూస్తానే ఉన్నా అక్కా. చెప్పు."

మొదటి వారం గర్వంగానే ఉండింది. పిల్లలు క్లాసులో ఆవలిస్తారు, వీళ్ళు నోరు తెరుచుకుని వింటారు. మూడో వారానికి నేనే ఆవలించడం మొదలుపెట్టాను. నిద్ర నటించినా లాభం లేదు. రూతమ్మ మోకాలి మీద తట్టి మరీ లేపేది. "టీచరమ్మా, నిద్రపోయినావా? పోతే పోలే, లేపను గానీ, ఇంతకీ ఆ నెపోలియను పొట్టోడేనా?"

ఒక సోమవారం వచ్చింది. ఆదివారమంతా పేపర్లు దిద్దాను, కళ్ళు మూతలు పడుతున్నాయి. మరియమ్మ అడిగింది. "టీచరమ్మా, పిరమిడ్లు కట్టిన కూలోళ్ళకి మధ్యాన్నం ఏం పెట్టినారు?"

ఒక పెద్ద కథ ఒకేసారి చెప్పేస్తే వారం పాటు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు, నేను పడుకోవచ్చు అని లెక్క వేశాను.

"రొట్టెలు పెట్టారు. ఉల్లిపాయలు, వెల్లుల్లి కూడా. ఒకసారి తిండిగింజలు సమయానికి ఇవ్వలేదు. అప్పుడు వాళ్ళు పనిముట్లు కింద పెట్టేసి, వెళ్ళి గమ్మున కూర్చున్నారు. ఆకలిగా ఉంది, పెడితేనే లేస్తాం అన్నారు. లోకంలో మొదటి సమ్మె అదే అంటారు."

"ఎవురి కింద పనిచేసినోళ్ళు వాళ్ళు?" అంది రూతమ్మ.

"ఫరో కింద. అంటే ఈజిప్టు రాజు."

"బైబిల్లో సముద్రంలో మునిగిన ఫరోనా?"

"ఆయనే అని చెప్పలేం అవ్వా. ఫరోలు చాలామంది."

"ఎవురైతే ఏంలే, అందరూ ఒకటే రకం. అంత చెడ్డోడు ఉల్లిపాయలు పెట్టినాడా?"

"పెట్టాడు."

మరియమ్మ మిగతావాళ్ళ వైపు చూసి మెల్లగా అంది, "మనకి ఎవురూ పెట్టలేదే." ఆ మాట నాకు వినబడింది. వినబడినా పట్టించుకోలేదు. మూడు వారాల్లో మొదటిసారి ఆటో నిశ్శబ్దంగా ఉంది. నేను హాయిగా నిద్రపోయాను.

మంగళవారం మూడో పీరియడ్ అయ్యాక మా అత్తగారు ఫోన్ చేశారు. అత్తగారూ మామగారూ తమ ఎకరన్నర మిరప పొలం ఉన్న ఊళ్ళోనే ఉంటారు. ఆ పొలం నేను పెళ్ళయిన కొత్తలో ఒకసారి గట్టు మీద నిలబడి చూసి వచ్చాను, అంతే.

"అమ్మా, కూలోళ్ళు గట్టు మీద కూచున్నారు. ఒక్క కాయ కొయ్యట్లా. పడమర మబ్బు పట్టింది. వాన పడితే పండుకాయంతా తాలయిపోతది. మీ మామకి కాళ్ళాడట్లా."

"ఎందుకు కూర్చున్నారత్తయ్యా?"

"ఫరో కూడా ఉల్లిపాయ పెట్టినాడు, నువ్వు తాగేదానికి నీళ్ళు కూడా పెట్టవు అంటున్నారు. ఎవురమ్మా ఆ ఫరో? మన చుట్టుపక్కలోడు కాదు. హనుమంతునిపాడు దిక్కు ఎవురన్నా కొత్తగా తోట వేసినాడా?"

నేను స్టాఫ్ రూములో కుర్చీ వెతుక్కున్నాను.

"వాళ్ళకి ఎవరో టీచరు ఎక్కించిందంట. నువ్వు టీచర్లలో తిరుగుతావు గదా, ఆయమ్మ ఎవురో కనుక్కో. ఆయమ్మతో నేను మాట్లాడాల."

"కనుక్కుంటానత్తయ్యా."

"ముందు నువ్వు రా. సదువుకున్నదానివి, నాలుగు మాటలు చెబుదువు."

ఒంటిపూట సెలవు రాసి ఖాజాకు ఫోన్ చేశాను. దారిలో సంగతి చెబితే బ్రేకు వేశాడు. "అది మీ అత్తోళ్ళ తోటా అక్కా? పొద్దున నేనే దింపినానే!" తోట కనబడగానే ఆటో ఆపేశాడు. ఇంకాస్త ముందుకు పోనివ్వమంటే, "వద్దులే అక్కా, మీ ఇంటి విషయం," అన్నాడు.

అటు మబ్బు, ఇటు ఎర్రగా పండిన తోట, మధ్యలో గట్టు మీద ఎనిమిది మంది. వాళ్ళకెదురుగా కొంగు బిగించి మా అత్తగారు. మరియమ్మను పక్కకు పిలిచి గుట్టుగా మాట్లాడాలని నా పథకం. పథకం వేసుకుంటూ ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉండగానే రూతమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"అదిగో మన టీచరమ్మ! నేను చెప్పలా, మనకోసం వస్తదని!"

అత్తగారు నావైపు తిరిగారు. తరువాత వాళ్ళవైపు. మళ్ళీ నావైపు.

"ఈయమ్మేనా మీ టీచరు?"

"ఈయమ్మే పెద్దమ్మా. ఫరో కత చెప్పింది ఈయమ్మే."

"ఈయమ్మ నా కోడలు."

రూతమ్మే ముందు తేరుకుంది. "అట్లనా! అయితే మంచిదే గదా, ఇంట్లో మాట ఇంట్లోనే తేలిపోతది."

నేను మరియమ్మ కాళ్ళమీద పడడం ఒక్కటే తక్కువ. "అక్కా, పిరమిడ్లు కట్టినవాళ్ళు వేరు, సమ్మె చేసినవాళ్ళు వేరు. మధ్యలో వెయ్యేళ్ళ పైన తేడా. నిద్రమత్తులో రెండూ కలిపేశాను."

"వెయ్యేండ్లయినా ఆకలి ఆకలే గదా టీచరమ్మా," అంది మరియమ్మ నెమ్మదిగా. "పొద్దున ఆరింటికి తిన్న సద్దే కడుపులో. నీళ్ళు కావాలంటే ఆ రోడ్డు దాకా పోవాల. వాళ్ళు కొట్లాడలేదు, గమ్మున కూచున్నారని నువ్వే చెప్తివి. మేమూ గమ్మునే కూచున్నాం."

మూడు వారాలుగా వాళ్ళు నన్ను ప్రపంచంలో అందరి గురించీ అడిగారు. మీరు దిగేది ఎవరి తోటలో, మధ్యాహ్నం ఏం తింటారు అని నేను ఒక్కసారీ అడగలేదు. ముఖం కాలింది. ఎండ వల్లనే అనుకుని కొంగు కప్పుకున్నాను.

అత్తగారు మబ్బు వైపు చూశారు. "సరే. ఆ రాజు చివరికి ఏం చేసినాడు?"

అందరూ నావైపు చూశారు. తరిమి కొట్టించాడని ఒక్క అబద్ధం ఆడితే తోట నిలబడుతుందేమో. గోడ నీడ దగ్గర అంత సులువుగా వచ్చిన అబద్ధం ఇప్పుడు రాలేదు.

"గింజలు ఇప్పించాడత్తయ్యా."

"రాజంతటోడే ఇచ్చినాక మనమెంత? అన్నం, ఉల్లిపాయ పులుసు, మజ్జిగ. గట్టు మీద రెండు బిందెల నీళ్ళు. చాలా?"

"చాలు పెద్దమ్మా," అని మరియమ్మ లేచింది. అందరూ లేచి సాళ్ళలోకి దిగారు.

"అయితే నాకు మోకాళ్ళ నొప్పులు, అంతమందికి వండలేను," అన్నారు అత్తగారు తీరిగ్గా. "కత చెప్పినోళ్ళే వండుతారు."

ఆ సాయంత్రం చీకటి పడేదాకా నేనూ కోశాను. రెండు రోజుల తరువాత వాన పడింది గానీ, అప్పటికి కాయ కల్లంలో పట్టాల కింద భద్రంగా ఉంది. తోట బతికింది. నేను మాత్రం ఆ కోతలు అయ్యేదాకా నాలుగింటికే లేచి, కళ్ళు మండుతుండగా ఉల్లిపాయలు తరిగి, ఒళ్ళో పులుసు క్యాను పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. మూత ఊడకుండా పట్టుకోవాలి కాబట్టి ఇక నిద్ర ప్రసక్తే లేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మధ్యాహ్నం అత్తగారు కూడా గట్టు మీదే వాళ్ళతో కలిసి తినడం మొదలుపెట్టారు. ఒకరోజు క్లాసులో ఉండగా ఫోన్.

"అమ్మా, నాకూ రూతమ్మకీ వాదన వచ్చింది. ఆ ఫరోకి కోడళ్ళు ఎంతమంది?"

"చాలామందే ఉండి ఉంటారత్తయ్యా."

"వాళ్ళు ఏం పని చేసేవాళ్ళు?"

నేను బోర్డుకు ఆనుకున్నాను. రాజుగారి కోడళ్ళు కాలు కింద పెట్టి ఉండరు అని చెప్పాలని ఎంత ఆశ పుట్టిందో! కానీ తెలియనిది చెప్పకూడదని కొత్తగా నేర్చుకున్నాను.

"ఆ సంగతి నేను చదివిన పుస్తకాల్లో లేదత్తయ్యా."

"అయితే బాగా పని చేసింటారులే," అన్నారు అత్తగారు. "పని చేసే ఆడోళ్ళ గురించి ఎవురు రాస్తారు? సరేగానీ, రేపు కోతకి ఇంకో నలుగురు వస్తున్నారు. పులుసు కొంచెం ఎక్కువ పెట్టు."

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఎడమ చేత్తో ఈ ఏటి కోతల పులుసు క్యాను పట్టుకున్నాను, క్షమించాలి. ఇకమీదట ఏ ఆటోలోనూ, ఏ బస్సులోనూ, ఏ రాజు తన కూలీలకు ఏం పెట్టాడో నా నోటితో చెప్పను. మరీ మోకాలు తట్టి అడిగితే, ఏ రాజూ ఎవరికీ ఏమీ పెట్టలేదనే చెప్తాను. చాలావరకు అదే నిజం కూడా.