ఇంకొక మట్టు

మొన్న ఆదివారం పొద్దున బెంగుళూరు నుంచి మా తమ్ముని కూతురు ఫోను చేసింది. భార్యాభర్తలిద్దరూ సెలవులకు అండమాన్ వైపు పోతున్నారట, అక్కడి నుంచి పడవెక్కి ఒక చిన్న దీవిలో నాలుగు రోజులు ఉండి వస్తారట. ఆ దీవి పేరు వినగానే చేతిలోని కాఫీ లోటా గట్టు మీద పెట్టేశాను. నేను ఉద్యోగం మీద పోయి ఒక ఏడాది ఉండి వచ్చిన చోటు అదే. ఇప్పుడక్కడ సముద్రం ఒడ్డునే అద్దాల గదుల హోటళ్లు వచ్చాయని మురిసిపోతూ చెప్పి, చివరికి ఆ పిల్ల ఒక మాట అడిగింది.

"పెదనాయనా, ఆడ నీళ్లు బాగుంటాయా?"

సాయంత్రం చేస్తానని ఫోను పెట్టేశాను. వంటింట్లోంచి మా ఆవిడ ఊరుకోకుండా, ఇంక మొదలుపెట్టు, పడవ దిగితే పలకరించే దిక్కు లేకపోయిందని, చెక్క మంచం ఇచ్చినారని, ముప్పై ఏండ్లుగా ఇంటానే ఉండాం అనింది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ దీవిలో నాకు జరిగిన మర్యాద తక్కువల గురించి చుట్టాలందరికీ వరుస తప్పకుండా చెప్పాను. నేను అక్కడ చేసి వచ్చినదాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాది అనంతపురం జిల్లా, కణేకల్ వైపు పల్లె. సాగునీటి కాలువ మా ఊరికి రెండు మైళ్ల అవతలే పక్కకు తిరిగిపోతుంది, ఆ సంగతిని కూడా నేను చిన్నప్పటి నుంచి మాకు జరిగిన అన్యాయాల్లోనే లెక్కవేసుకునేవాణ్ణి. మా నాయనకు ఒక బావి ఉండేది. ప్రతి ఎండాకాలమూ అది అడుగంటేది, ప్రతి ఎండాకాలమూ నాయన గడ్డపార తీసుకొని దిగి ఇంకొక మట్టు తవ్వేవాడు. మట్టు అంటే మా వైపు ఒక మనిషి నిలువు. నీళ్లు కిందికి పోతే వాటి వెంట మనమూ పోవాలి, అంతకుమించి బావి గురించి తెలుసుకోవలసింది ఏమీ లేదని నేను పెరిగాను. తట్టలతో రాళ్లు పైకి లాగిన చేతులు నావి. బావి సంగతి నాకు ఇంకొకరు చెప్పేదేమిటి అనే పొగరు అప్పుడే పట్టుకుంది.

తరువాత కట్టడాల పని చూసే కేంద్ర ప్రభుత్వ శాఖలో చేరి గుంతకల్లులో ఉండగా, మా ఉద్యోగుల ఇళ్లకు కొళాయిలో నీళ్లు రావడం లేదని పై అధికారికి వరుసగా పదకొండు అర్జీలు పెట్టాను. పన్నెండోది తీసుకుపోయిన రోజు ఆయన చదవకుండానే పక్కన పెట్టి, గదినిండా గుమాస్తాలు ఉండగా, నీళ్లు నీళ్లు అని చంపుతాండావు కదప్పా, నాలుగు పక్కలా నీళ్లుండే చోటికే పంపుతాండా పో అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎక్కడ నిలబడి నవ్వారో ఈ రోజుకూ చెప్పగలను. అట్లా నేను ఆ దీవికి పోయాను, అక్కడ చిన్న ఆసుపత్రి ఒకటి కట్టించడానికి.

నిజం చెప్పాలంటే ఆ చోటు చూసి మొదటి రోజే మనసు కరిగిపోయింది. అంత పచ్చదనం నా పుట్టుకలో చూడలేదు. కానీ సంతోషం వెంటనే కోపంగా మారేది. వానాకాలంలో అరటాకుల మీద, ఇసుక మీద, అన్నిటికన్నా మించి సముద్రంలో ఊరికే కురిసిపోతున్న వానను చూసి నాకు కడుపు మండేది. ఉన్న గిన్నెలన్నీ చూరు కింద పెట్టి నింపుకునేవాణ్ణి. ఒక్క బకెట్టుతో స్నానం చేసి, ఆ నీళ్లను తొట్టిలో పట్టి మొక్కలకు పోసేవాణ్ణి. అక్కడ ఉన్నవాళ్లలో చాలామంది శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనవాళ్లే. వాళ్ల ఆడవాళ్లు నన్ను చూసి కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వుకునేవాళ్లు, ఈ బాబు వానలో కూడా బకెట్టు దాచుకుంటాడని. వాళ్లది పరాచికమే. నేను దాన్ని కూడా మనసులోని అర్జీల పుస్తకంలో ఎక్కించాను. కరెంటు రోజుకు రెండు గంటలు, కూరగాయలు పడవ వస్తేనే, జ్వరం వస్తే దేవుడే గతి. చదువూ నాగరికతా లేని చోటికి నన్ను తోసేశారని ఇంటికి పేజీలకు పేజీలు రాసేవాణ్ణి.

ఊరంతటికీ తాగే నీళ్ల బావి ఒక్కటే. సముద్రపు రాళ్లు పేర్చి కట్టిన చిన్న బావి, మనిషి లోతుకు కొంచెం ఎక్కువ. దాన్ని తవ్వినవాడు చనిపోతే అతని భార్య, అప్పటికే ముసలిది, దాని బాగోగులు చూసేది. నాకు రోజూ బిందె నీళ్లు తెచ్చి గడప దగ్గర పెట్టేది ఆమే. వానలు ఆగిన నెలల్లో ఆ బావికి ఒక కట్టుబాటు ఉండేది. చేద వేయకూడదు. మెట్టు మీదికి దిగి కొబ్బరి చిప్పతో పైపైన మాత్రమే ముంచుకోవాలి, ఇంటికి ఒక బిందె, పొద్దు పైకి వచ్చేలోపలే. ఆ తరువాత ఆమె తాటాకుల చాప ఒకటి తెచ్చి బావి మీద కప్పేసేది.

ఆసుపత్రి పైకప్పు వేయవలసిన రోజులు అవే. మళ్లీ వానలు పడేలోపల కప్పు పడకపోతే పని ఇంకో ఏడాది సాగుతుంది, నేను ఇంకో ఏడాది అక్కడే పడి ఉండాలి. కాంక్రీటుకు డ్రమ్ములకొద్దీ మంచినీళ్లు కావాలి. మనుషుల్ని పంపితే ఆమె చాప తియ్యలేదు. నేనే పోయాను. పొద్దెక్కిపోయింది బాబూ, నుయ్యి పడుకుంది అని, పసిబిడ్డ గురించి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. నాకు ఒళ్లు మండింది. చిప్పతో నీళ్లు ముంచుకునే మనుషులు, బావి లోతు చేసుకునే తెలివి కూడా లేని మనుషులు, నన్ను, అనంతపురం జిల్లావాణ్ణి, నీళ్ల విషయంలో వెనక్కి పంపుతారా అనుకున్నాను. ఇంకొక మట్టు తవ్వితే మీకూ కరువు తీరుతుంది, నా పనీ అవుతుంది అని చెప్పాను. అప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"వద్దు బాబూ. ఈ నుయ్యికి లోతు పనికిరాదు. తీపినీరు పైన తేలుతుంటాది. కింద ఉన్నదంతా సముద్రమే."

ఆ మాట నా చెవికెక్కలేదు. నలుగురి ముందర నాకు పాఠం చెప్పిందనే సంగతి ఒక్కటే ఎక్కింది. ప్రభుత్వ పనికి అడ్డం వస్తున్నదని పై ఆఫీసుకు రాశాను. రాయడంలో నన్ను మించినవాడు లేడు. పది రోజులకు కాగితం పట్టుకొని ఒక కానిస్టేబులు పడవ దిగాడు. అతను గట్టిగా మాట్లాడవలసిన అవసరం కూడా రాలేదు. ఆమె చాప తానే చుట్టి చంకలో పెట్టుకొని పక్కకు జరిగి నిలబడింది.

మా నాయన లాగా నేనే గడ్డపార తీసుకొని దిగాను. అడుగున రాతిపొర పగలగానే నీళ్లు బుసబుసమంటూ పైకి వచ్చాయి, మోకాళ్లు దాటి నడుము దాకా. మా బావిలో ఒక్కసారైనా అట్లా ఊరివుంటే నాయన ఏడ్చేవాడు. నేను కింది నుంచే అరిచి అందరినీ పిలిచి చూపించాను. మొదటి రెండు రోజులూ నీళ్లు బాగానే ఉన్నాయి, డ్రమ్ములు నింపి కప్పు పోయించేశాను. మూడో రోజు పొద్దున నా గడప దగ్గర బిందె ఎప్పటిలాగే ఉంది. లోటా ఎత్తి నోట్లో పోసుకుంటే ఉప్పు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది, పోట్లాడటం నాకు చేతనవును. తవ్వి పోసిన రాళ్లనే తట్టలతో మోసుకుపోయి మళ్లీ బావి అడుగున పేర్చడం మొదలుపెట్టారు. నేను ఆసుపత్రి వరండాలో కుర్చీ వేసుకొని చూస్తూ కూర్చున్నాను, లేచి ఒక తట్ట పట్టలేదు. మళ్లీ తీపెక్కుతాదా అని నా మేస్త్రి అడిగితే, రెండు మూడు వానాకాలాలు పోతే తెలుస్తాది అందట ఆమె. ఇక ఆడవాళ్లు పక్క ఊరి బావి నుంచి, అడవి దాటి, బిందెలు మోసుకొచ్చేవాళ్లు. నేను మాత్రం ఆ నెల నివేదికలో, స్థానికులు బావిని సరిగా చూసుకోనందువల్ల నీరు చెడిందని రాశాను. అర్జీల మీద అర్జీలు పెట్టిన చేతితోనే ఆ వాక్యమూ రాశాను.

నేను తిరిగి వచ్చే రోజు పడవ దగ్గరికి ఎవరూ రారనుకున్నాను. ఆమె వచ్చింది. సీసా ఒకటి నా చేతిలో పెట్టింది.

"దారిలో దాహమేస్తాది బాబూ. ఇవి తీపివే."

ఆ నీళ్లు ఎక్కడివో నాకు తెలుసు. తెల్లవారక ముందే లేచి అడవి దాటి పోయి తెస్తే తప్ప ఆ వేళకు అవి నా చేతికి రావు. తీసుకున్నాను. రేవు దాటక ముందే సగం తాగేశాను కూడా. తప్పైపోయింది అవ్వా అనడానికి నాకు నోరు రాలేదు.

ఊరికి వచ్చాక నాయన అడిగాడు, ఆడ బావులుండాయా రా అని. లేవు నాయనా అన్నాను. ఆ తరువాత నాయన పోయాడు, బావి పూర్తిగా ఎండిపోయింది, దాని పక్కన మా తమ్ముడు బోరు వేయించాడు, అది పోతే ఇంకొకటి, దానికన్నా లోతుగా. ఇప్పుడు అందులో వచ్చే నాలుగు చుక్కలు పండ్లు గారపట్టే ఫ్లోరైడు నీళ్లు. మంచినీళ్ల క్యాన్ల వ్యాను వీధిలోకి వస్తే మా ఆవిడా నేనూ గేటు దగ్గర నిలబడతాం. చాప కప్పి బావిని నిద్రపుచ్చిన మనిషిని తెలివితక్కువది అనుకున్నవాణ్ణి ఇట్లా నిలబడతాను.

సాయంత్రం మా తమ్ముని కూతురికి ఫోను చేశాను. పడవ దిగి కుడిపక్కకు నడిస్తే పాత ఆసుపత్రి ఉండాలమ్మా, దాని వెనక రాళ్ల బావి, అందులో నీళ్లు ఒక్క గుక్క తాగి చూసి ఎట్లుండాయో నాకు చెప్పాలి అన్నాను. పెదనాయనా, ఆడ అందరికీ సీసా నీళ్లే ఇస్తారంట, బావి ఎవురు చూపిస్తారు అని నవ్వింది. చూసుకునే ఒక ముసలామె ఉండేది, ఆమె పోయివున్నా బిడ్డలో మనవళ్లో ఉంటారు, వాళ్లను అడుగు అన్నాను.

"సరే పెదనాయనా, ఆమె పేరేమి?"

గుంతకల్లు ఆఫీసులో ఆ రోజు నన్ను చూసి నవ్విన గుమాస్తాల పేర్లు ఇంటిపేర్లతో సహా నాకు గుర్తున్నాయి. కాగితం తెచ్చిన కానిస్టేబులు పేరు గుర్తుంది. ఆమె పేరు నేను ఒక్కరోజూ అడగలేదు. పెదనాయనా, ఇనపడతాండాదా అని ఆ పిల్ల అడుగుతూనే ఉంది.