కొంగు కప్పిన మలారం

గాజుల అవ్వ ఇక లేదన్న కబురు మా ఆయన ఫోనుకు వచ్చింది. పొద్దున నేను వాకిట్లో గిన్నెలు తోముతున్నాను. ఆయన ఆటో తీయబోతూ ఆగి, మా వాడ వాట్సాప్ గ్రూపులో వచ్చింది చదివి వినిపించాడు. "మన గాజుల అవ్వ ఈ పొద్దుగాల కాలం చేసింది. పన్నెండింటికి తీసుకపోతరు." అంతే ఉంది. నేను ఆ గ్రూపులో లేను. ఏడాదిన్నర కింద నా అంతట నేనే బయటికి వచ్చాను. ఎందుకు వచ్చానో చెప్తే తప్ప అవ్వ నాకు ఏమయ్యేదో మీకు తెలియదు. నేను చదివింది ఏడో తరగతి దాకే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

అవ్వ ఎల్లారెడ్డిలో మా వాడకూ, చుట్టుపక్కల తండాలకూ గాజులు తెచ్చేది. కామారెడ్డికి బస్సులో పోయి సరుకు తెచ్చుకునేది. గాజుల వరుసలను తాళ్ళకు గుచ్చి కట్టిన మలారం ఎడమ భుజానికి వేసుకుని నడిచేది. ఎవరినీ మోయనిచ్చేది కాదు. మా అత్తమ్మ పెళ్ళి గాజులు ఆమె చేతివే. నేను పెళ్ళయి రాజంపేట నుంచి వచ్చిన వారానికి నా చేయి పట్టుకున్నదీ ఆమే. అప్పుడు నేను ఎవరి ముఖమూ చూసేదాన్ని కాదు. అవ్వ నా వేళ్ళు మెల్లగా నొక్కుతూ అడిగింది. "మీ అమ్మ ఏం కూర మంచిగ చేస్తది బిడ్డా?" నేను ఆలోచించి "పచ్చిపులుసు" అనేలోపల గాజు మణికట్టు మీద ఉంది. "పచ్చిపులుసు కూర గాదే, పిచ్చిదానా" అని నవ్వింది. ఈ ఇంట్లో నేను మొదటిసారి నవ్వింది ఆ రోజే.

నాకు తెలిసిన పని బొంతలు కుట్టడం. మా అమ్మ నేర్పింది. పాత చీరలు మడతలుగా పరిచి, పైనుంచి కిందికి సన్నగా దారం నడిపితే బొంత అవుతుంది. అందరూ కుడతారు. నేను చీర అంచులను కత్తిరించి వాటితో బొమ్మలు పెడతాను. నారుమడిలో దిగిన కొంగలు, నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు దూకే నీళ్ళు, నాటు వేస్తూ వంగిన ఆడవాళ్ళ వీపులు. "పండుకునే బట్టకు పటమెందుకే? కండ్లు మూసుకుంటె అన్ని ఒక్కటే" అనేది అత్తమ్మ. అంటూనే కొంగల బొంత ఆమే కప్పుకునేది.

నా బొంతలు నలుగురి కంటా పడాలని నాకు బాగా ఉండేది. ఈ పనికి నా పేరుతో ఒక చోటు కావాలని ఉండేది. మనిషి ఎదురుగా ఉంటే నా నోరు పెగలదు. ఫోను చేతికి వచ్చాక మాత్రం నాకు సిగ్గే లేకపోయింది. మహిళా సంఘం గ్రూపు, అంగన్‌వాడీ గ్రూపు, పాలకేంద్రం గ్రూపు, మా వాడ గ్రూపు, దేన్నీ వదల్లేదు. పొద్దున బొంతల ఫోటోలు పెట్టేదాన్ని, సాయంత్రం మళ్ళీ అవే పెట్టేదాన్ని. నంబరు ఉన్న ప్రతి మనిషికీ విడిగా పంపేదాన్ని. గ్యాస్ సిలిండర్ తెచ్చే అన్నకు కూడా పంపాను. ఆయన ఒకరోజు బండ దించుతూ "చెల్లె, నేను నీకు రోజు బండ ఫోటో పంపుతున్ననా?" అన్నాడు. మా సంఘం లీడర్ అక్క నలుగురిలో అన్నది. "నా ఫోనుకేమన్న చలి జరం వచ్చిందా, గిన్ని బొంతలు కప్పుతున్నవు?" అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఇంటికి వచ్చి మళ్ళీ పంపాను.

ఒకరోజు మా వాడ చివరింటి పెద్దాయన చనిపోయాడు. సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్తామని గ్రూపులో పెట్టారు. కాసేపటికి కొడుకులు అనుకుని, కాదు, పన్నెండింటికేనని మళ్ళీ పెట్టారు. నేను అంతకుముందు ఏమొచ్చిందో చూడనే లేదు. కొత్తగా కుట్టిన బొంతవి పద్నాలుగు ఫోటోలు వరుసగా వదిలాను. రోజూలాగే ఆ రోజు కూడా పొయ్యి దగ్గరికి పోయాను.

ఆ పెద్దాయన చిన్ననాటి దోస్తు ఒకాయన కామారెడ్డిలో వాచ్‌మన్‌గా ఉండేవాడు, ఆయనా మా వాడ గ్రూపులో ఉన్నాడు. నాలుగింటికని చదువుకుని, మూడింటికి చేతిలో పూలదండతో బస్సు దిగాడు. అప్పటికి అంతా అయిపోయింది. వాకిట్లో నిలబడి ఫోను అందరికీ చూపిస్తున్నాడు. ఎవరో ఆడవాళ్ళలో ఉన్న నన్ను చూపించారు. ఆయన తిట్టలేదు.

"బొంతలు మంచిగున్నయి బిడ్డా" అన్నాడు. "వాటి మీదికెళ్ళి జరిపి చూస్తె టైము మారినట్టు ఉన్నదట. నాకు గట్ల జరుపుడు తెల్వదు."

పూలదండ ఆయన చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గోడ మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే నేను అన్ని గ్రూపుల్లోంచి బయటికి వచ్చాను. బొంతలు పెట్టెలో పెట్టి తాళం వేశాను. సూదులు అత్తమ్మకు ఇచ్చేశాను. మా ఆయన "గంతగనం ఎందుకే, అందరు మరిచిపోతరు" అన్నాడు. నేను మరిచిపోలేదు. నీళ్ళకు కూడా ఎండపూట, ఎవరూ లేనప్పుడు వెళ్ళేదాన్ని.

అవ్వ ఆ ఇంటి పదకొండో దినం దాటేదాకా మా వాడలో అడుగు పెట్టలేదు. నెల తర్వాత మా ఇంటికి వచ్చింది. నా చేయి అందుకుని, గాజు తీయకుండా వేలి కొనలు తడిమి చూసింది.

"సూది గాట్లు మానినయి. కుట్టుడు బంద్ పెట్టినవా?"

అత్తమ్మ జరిగింది చెప్పింది. నేను ఏడుస్తూ ఉన్నాను. ఊరుకో, నీ తప్పేమీ లేదని అవ్వ అంటుందనుకున్నాను. అనలేదు.

"తప్పు చేసినవు. నేను కాదనను. ఆ తప్పు బొంతదా, నీదా?"

"నాదే అవ్వా."

"మరి బొంతనెందుకు పెట్టెల పెట్టినవు?"

నేను తాళం వేసిన పెట్టె వైపు చూశాను. "రేపు నాతోని రా. మలారం మోయనియ్య. ఊకె నడువు" అని అవ్వ లేచింది.

మరునాడు పొద్దున షేర్ ఆటోలో పోయి ఒక తండా దగ్గర దిగాం. అవ్వ వీధి మొదట్లో నిలబడి "గాజులమ్మో" అని ఒక్కసారి పిలిచింది. మళ్ళీ పిలవలేదు. నేనుండబట్టలేక అడిగాను.

"ఇంకోసారి పిలువరాదా అవ్వా? ఎట్ల వింటరు?"

"విన్నోళ్ళు విన్నరు. విననోళ్ళకు పనుంది."

రెండో సందు తిరగగానే ఒక ఇంటి ముందు మనుషులు కింద కూర్చుని ఉన్నారు. ఆ ఇంట్లో ఎవరో పోయి మూడు రోజులయిందని తర్వాత తెలిసింది. అవ్వ ఎవరినీ అడగలేదు. చూసీ చూడగానే కొంగు ముందుకు లాగి మలారం మొత్తం కప్పేసింది. గాజులు ఒకదానికొకటి తగిలి మోగకుండా రెండు చేతులతో ఒడిసి పట్టుకుని, ఆ సందు దాటేదాకా అట్లాగే నడిచింది. నేను వెనకాల నడుస్తున్నాను. నా పద్నాలుగు ఫోటోలు అక్కడ నాకు కనిపించాయి.

ఇంకో ఇంట్లో గంటసేపు కూర్చుంది. ఆ ఇంటి కోడలి కాన్పు ముచ్చట విన్నది, మజ్జిగ తాగింది, ఒక్క గాజు తొడగకుండా లేచింది. బస్టాండు దగ్గర ఒక పిల్ల ఎర్ర గాజులు అడిగితే "నా తాన లేవు బిడ్డా. గా చెట్టు కింద కూసున్నామె తాన మంచియున్నయి, పో" అని చూపించింది. ఆమె కూడా గాజులమ్మే మనిషే. నేను ఆశ్చర్యంగా చూస్తుంటే "చెప్తే నా నోరేమన్న అరుగుతదా?" అన్నది.

ఆ పూటే ఒక చిన్న పిల్ల తల్లి వెనక నక్కి మలారం వైపు చూస్తూ ఉంది. తల్లి ఆ చేయి పట్టి లాగి ముందుకు పెట్టింది. అవ్వ ఆ చేతిని ముట్టలేదు. ఊరికే తాళ్ళు విప్పి, గాజులు ఎండలోకి తిప్పుతూ కూర్చుంది. కాసేపటికి పిల్ల తనే వచ్చి చేయి చాపింది.

"చెయ్యి నా దిక్కు రావాలె" అన్నది అవ్వ తిరిగి వస్తుంటే. "నేను గుంజిననుకో, గాజు పగులుతది, చెయ్యి తెగుతది."

ఇంటికి వచ్చి అత్తమ్మను సూదులు అడిగాను. "ఇగో, తుప్పు పట్టకుండ నూనె పెట్టి దాసిన" అని చేతిలో పెట్టింది.

ఫోనులో నా బొంతలకని ఒక పేజీ పెట్టుకున్నాను. అది నా వాకిలి అనుకున్నాను. అక్కడ ఎన్ని పెట్టినా ఎవరి దారికీ అడ్డం కాదు. అయినా బొంత పూర్తయినప్పుడు ఒక్క ఫోటోనే పెట్టాను. అది ఎవరి చీర, ఏ బొమ్మ, ఎందుకు కుట్టానో నాలుగు మాటలు రాశాను. అడగని మనిషికి పంపడం మానేశాను. కుట్టుపని చేసే వేరే ఆడవాళ్ళ పేజీలకు పోయి చూశాను. నచ్చినది ఎందుకు నచ్చిందో చెప్పాను. వాళ్ళ ఫోటో కింద నా బొంత వేలాడదీయలేదు. ఫోటోకు రంగులు హెచ్చించే అలవాటు కూడా అవ్వే మాన్పించింది. ఆమె గాజును లైటు కింద ఎన్నడూ చూపించేది కాదు, ఎండలోకే తెచ్చేది. "ఇంటికి పోయినంక రంగు మారితె, మళ్ళ నా మొఖం చూస్తరా?" అనేది. నేను గోడ మీద ఆరేసి, పాత చీర మరక ఉంటే అదీ కనిపించేట్టు తీశాను.

మూడు నెలలు ఎవరూ ఏమీ అడగలేదు. పాత బుద్ధి రోజూ పీకేది. మళ్ళీ వాడ గ్రూపులో చేరి ఒక్కటి పడేస్తే ఏమవుతుంది, ఒక్కటేగా అనిపించేది. అవ్వతో అన్నాను.

"మూడు నెల్లేనా?" అన్నది. "గా తండాల మొదటి గాజు తొడిగెతందుకు రెండు పండుగలు తిరిగిన. మొదటి పండుగకు మజ్జిగ గూడ పొయ్యలె."

నాలుగో నెలలో బాన్సువాడ నుంచి ఒకామె రాసింది. చనిపోయిన వాళ్ళమ్మ చీరలు ఇస్తే బొంత కుట్టి ఇస్తావా అని అడిగింది. చీరలు బస్సు పార్సిలులో వచ్చాయి. ఆ చీరలకు ఇంకా పసుపు వాసన ఉంది. బొంత అందాక ఆమె తన పిల్లలు దాన్ని కప్పుకున్న ఫోటో తన పేజీలో పెట్టుకుంది. నేను అడగలేదు. అది చూసి ఇంకొకామె, ఆమెను చూసి మరొకామె అడిగారు. ఇప్పుడు నా చేతిలో ఎప్పుడూ ఎవరో ఒకరి అమ్మ చీర ఉంటుంది.

ఒకసారి నా పేజీ అవ్వకు చూపించాను. ఆమెది బటన్ల ఫోను. నా ఫోనును చేయి చాపినంత దూరంలో పట్టుకుని, కళ్ళు చిట్లించి చూసింది.

"గిదేనా నీ వాడ?"

"గిదే అవ్వా."

"ఎవరు ఒర్రుతలేరు, లొల్లి లేదు. మంచిగున్నది" అని ఫోను తిరిగి ఇచ్చింది.

ఆమెను తీసుకెళ్ళిన రోజు మా వాడ ఆడవాళ్ళందరం మూల మలుపు దాకా నడిచాం. మా అందరి చేతులకూ ఆమె తొడిగిన గాజులే. ఎవరు మొదలుపెట్టారో చూడలేదు, అందరం కొంగులు ముందుకు లాగి మణికట్లు కప్పుకున్నాం. అంతమంది నడుస్తుంటే ఒక్క గాజు మోగలేదు. సాయంత్రం మా ఆయన గ్రూపు తెరిచి చూపించాడు. పొద్దుటి ఆ రెండు వాక్యాలే చివర ఉన్నాయి. వాటి కింద ఎవరూ ఏమీ పెట్టలేదు.

పదకొండో దినం తర్వాత అవ్వ కోడలు సంచీతో వచ్చింది. "అవ్వ చీరెలు. బొంత కుట్టియ్యి వదినె, పిల్లలు కప్పుకుంటరు" అన్నది. వెంటే లీడర్ అక్క ఉంది. "నిన్ను మళ్ళ గ్రూపుల చేరుస్తున్న. బొంత అయినంక ఫోటో పెట్టు, వాడంత అడుగుతున్నది. ఒక్కటే, పద్నాలుగు గాదు" అని నా ముఖం చూసి నవ్వింది.

"ఒక్కటే అక్కా" అన్నాను. తల దించుకోకుండానే అన్నాను.

పెడతాను. పూలదండతో వచ్చిన ఆ పెద్దమనిషి ఇంకా ఆ గ్రూపులోనే ఉన్నాడు. ఆయన కూడా చూస్తాడు. అయినా పెడతాను. ముందు పైకి జరిపి, ఎవరింట్లో ఏం జరిగిందో చదివి పెడతాను. కుట్టడం ఆపను, చూపించడమూ ఆపను.

చీరలు తొమ్మిది. విప్పి పరిస్తే అన్నిటికీ ఎడమ భుజం మీదికి వచ్చే చోట, మలారం తాడు ఒరిసి ఒరిసి బట్ట అరిగిపోయి ఉంది. ఆ చోటు కత్తిరించి పారేయాలని అత్తమ్మ అన్నది. నేను తొమ్మిది ముక్కలూ విడిగా తీసి, అంచులకు అంచులు కలిపి బొంత నడిమధ్యన పెట్టాను. వాటి మీదా కిందా వేరే బట్ట వేయలేదు. పొద్దున గోడ దగ్గర నిలబడి ఎండకు ఎత్తి పట్టుకుంటే, మిగతా బొంతంతా మందంగా, నల్లగా ఉంది. ఆ తొమ్మిది చోట్ల మాత్రం వెలుతురు ఇవతలికి వస్తూ ఉంది.